కురుపు పది రోజులు, కాటుక పుల్ల ఆరు నెలలు

పెనుగొండలో మాఘమాసం వచ్చిందంటే కల్యాణ మండపాలకు ఖాళీ ఉండదు. వాసవీ కన్యకాపరమేశ్వరి దర్శనానికి దూరాల నుంచి వచ్చే కుటుంబాలు ఒక పక్క, ఊళ్లో ముహూర్తాలు ఇంకో పక్క. తెల్లవారుజాము ముహూర్తమైతే పెళ్లికూతుర్ని అర్ధరాత్రి నుంచే ముస్తాబు చేయాలి. సరిగ్గా అలాంటి వారంలోనే ఏ అమ్మాయికో రెప్ప అంచున ఎర్రగా గింజంత కురుపు లేస్తుంది. ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: "కాస్త దట్టంగా కాటుక పెట్టి, పైన కన్సీలర్ రాసేస్తే కనబడదులే."

కనబడదు, నిజమే. కానీ ఆ రాత్రి రాసినదాని సంగతి ఆ రాత్రితో తీరదు. కంటికురుపు మామూలుగా వారం, రెండు వారాల్లో దానంతట అదే చితికి మానిపోతుంది. దాన్ని తాకిన పుల్ల, బ్రష్, పెన్సిల్ మాత్రం మేకప్ పెట్టెలోకి తిరిగి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటాయి. కురుపుల్లో 90 నుంచి 95 శాతానికి కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. వస్తువుల మీద సూక్ష్మజీవులు ఎంతకాలం బతుకుతాయో చూసిన పాత అధ్యయనాలన్నిటినీ 2006లో జర్మన్ పరిశోధకులు ఒకచోట చేర్చారు. వాటి ప్రకారం ఈ బ్యాక్టీరియా పొడిగా ఉన్న వస్తువు మీద 7 రోజుల నుంచి 7 నెలల దాకా బతికి ఉండగలదు. కళ్లకలక తెచ్చే అడినో వైరస్ 7 రోజుల నుంచి 3 నెలల దాకా ఉండగలదు. ఈ కథనంలోని మిగతా అంకెల్లో చాలావరకు దీని చుట్టూ తిరిగేవే: జబ్బు కంటిలో ఉండే కాలం కంటే సామాన్లలో ఉండే కాలం ఎక్కువ.

రెప్ప అంచున ఏముంది?

అద్దం దగ్గరగా పెట్టుకుని కింది రెప్పను వేలితో కొద్దిగా కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరుసకూ కనుగుడ్డుకూ మధ్య సన్నని తడి గట్టు ఒకటి కనిపిస్తుంది. కాటుక పెట్టేది సరిగ్గా ఆ గట్టు మీదే. ఇంకా నిదానంగా చూస్తే ఆ గట్టు పొడవునా సూదిమొనలాంటి చుక్కలు వరుసగా కనబడతాయి. అవి నూనె గ్రంథుల నోళ్లు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా వాటిలోంచి కొద్దిగా నూనె ఊరి కన్నీటి మీద పొరలా పరుచుకుంటుంది. ఆ పొర లేకపోతే కన్నీరు ఇట్టే ఆవిరైపోయి కళ్లు మండుతాయి. మనం నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. మేలుకుని ఉండే పదహారు గంటలు లెక్కేస్తే అది రోజుకు 14,400 నుంచి 19,200 సార్లు.

గట్టుకు బయటి వైపు వెంట్రుకలు. పై రెప్పకు 90 నుంచి 150 దాకా, కింది రెప్పకు 70, 80 దాకా. ప్రతి వెంట్రుక కుదురు దగ్గరా మళ్లీ చిన్న చిన్న నూనె గ్రంథులు. వీటన్నిటినీ కప్పి ఉంచే రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచనిది, మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే అరచేతిలో ఏమాత్రం తెలియని వాపు రెప్ప మీద వచ్చేసరికి కన్ను మూసుకుపోయేంత అవుతుంది.

ఆ నోళ్లలో ఒకటి మూసుకుపోతుంది. లోపల నూనె నిలవ ఉండిపోతుంది. మన చర్మం మీదే, ముక్కులోనే ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా అందులో చేరి పెరుగుతుంది. మనుషుల్లో 20 నుంచి 30 శాతం మంది ముక్కులో ఈ బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది, వాళ్లకేమీ చేయదు. ముక్కు తుడుచుకున్న వేలితో కన్ను నలిపినప్పుడు దానికి దారి దొరుకుతుంది. చీము పడుతుంది, ఎర్రబడుతుంది, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. అదే కురుపు. "వేడి చేసింది" అని మన ఇళ్లలో అంటారు గానీ, ఒంట్లో వేడికీ దీనికీ సంబంధం లేదు. మూసుకుపోయిన నోరు, అందులో చేరిన బ్యాక్టీరియా, అంతే సంగతి.

ఇప్పుడు ఆ గట్టు మీద కాటుక గీయడం అంటే ఏమిటో ఆలోచించండి. కాటుకలో ఉండేది మసి, మైనం, నూనె. కురుపు లేచిన రెప్పలో ఒక నోరు ఇప్పటికే మూసుకుంది. మిగతా ఇరవై ముప్ఫై నోళ్ల మీదా మనమే మైనం పూస్తున్నాం. పెళ్లి ముస్తాబు ఏడెనిమిది గంటలు చెరగకూడదు కాబట్టి నీటికి కరగని రకం వాడతారు. దాన్ని వదిలించాలంటే మళ్లీ రెప్పను రుద్దాలి. వాచిన రెప్పకు రుద్దుడంత చెడ్డది ఇంకోటి లేదు.

గీసినది గీసినచోట ఉండదు కూడా. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో మెరుపులున్న ఐలైనర్ పెన్సిల్‌తో చేసిన చిన్న ప్రయోగం ఒకటి 2015లో ప్రచురితమైంది. వెంట్రుకలకు బయట గీసినప్పటి కంటే లోపలి గట్టు మీద గీసినప్పుడు 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటి పొరలోకి చేరాయి, అదీ ఐదు నిమిషాల్లోపే. కంటిలో ఏ సమయానికైనా ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లు, అంటే కళ్లమందు సీసాలోంచి పడే ఒక్క చుక్కలో ఐదో వంతో, ఆరో వంతో. అంత కొంచెం నీటిలో ఇన్ని రేణువులు తేలుతూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కన్ను రెండు గంటల్లో వాటిని కడిగేసుకుంటుంది. వాచి, పుసులు కట్టిన కంటికి ఆ శక్తి తగ్గి ఉంటుంది.

గొట్టంలో పెరిగేవి

కంటి దగ్గర వాడే సౌందర్య సాధనాలకు అంతర్జాతీయ ప్రమాణం మిగతావాటి కంటే పది రెట్లు కఠినంగా ఉంటుంది. మామూలు క్రీములో గ్రాముకు 1,000 సూక్ష్మజీవుల దాకా అనుమతిస్తే, కంటి సామగ్రిలోనూ మూడేళ్లలోపు పిల్లల వస్తువుల్లోనూ 100 మించకూడదు. స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా అసలే ఉండకూడదు. ఇది మూత తీయకముందు లెక్క. మూత తీశాక ఏమవుతుందో చెప్పే అంకెలు వేరే ఉన్నాయి.

2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కొందరు మహిళలకు కొత్త మస్కారాలు ఇచ్చి మూడు నెలలు రోజూ వాడమన్నారు. ఆ తర్వాత 33 గొట్టాలు పరీక్షిస్తే 36 శాతం వాటిలో బ్యాక్టీరియానో, బూజో పెరిగి ఉంది. వాళ్లందరివీ ఆరోగ్యమైన కళ్లు. 2020లో ప్రచురితమైన మరో అధ్యయనం కోసం బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జనం వాడుతున్న 467 వస్తువులు సేకరించారు: 93 మస్కారాలు, 92 ఐలైనర్లు, 79 మేకప్ స్పాంజీలు, మిగతావి లిప్‌స్టిక్‌లు, లిప్‌గ్లాస్‌లు. రకాన్ని బట్టి 79 నుంచి 90 శాతం వస్తువుల్లో బ్యాక్టీరియా దొరికింది. అన్నిటికంటే అధ్వానం స్పాంజీలు. మిల్లీలీటరుకు సగటున పది లక్షల పైచిలుకు! వాటిలో 93 శాతాన్ని యజమానులు ఒక్కసారి కూడా కడగలేదు. 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవే.

మన గోదావరి జిల్లాల గాలిలో తేమ వాళ్ల దేశాల్లోలా ఉండదు. కాలవల కింద ఊళ్లలో వానాకాలం వస్తే బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. తడిసిన స్పాంజీని డబ్బాలో పెట్టి మూత వేస్తే అందులో ఏం జరుగుతుందో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

వస్తువులన్నీ ఒకేలా చెడవు, ఆ తేడా తెలిస్తే డబ్బు కూడా మిగులుతుంది. మస్కారా, ద్రవ ఐలైనర్లలో నీళ్లుంటాయి. పుల్ల లోపలికి పెట్టి తీసినప్పుడల్లా గాలి, క్రిములు లోపలికి పోతాయి. అందులో కలిపిన నిల్వ రసాయనం కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తుంది. అందుకే మస్కారాకు మూడు నెలలే ఆయుష్షు అంటారు కంటి వైద్యులు. చిక్కబడిందని నీళ్లో, ఉమ్మో కలిపితే ఆ మూడు నెలలూ ఉండవు. పెన్సిల్‌లో నీళ్లుండవు కాబట్టి క్రిములు అంతగా పెరగవు. మొన మీద అంటుకున్నవి మాత్రం బతికే ఉంటాయి, మళ్లీ కంటికి చేరతాయి. చెక్కే రకమైతే చెక్కి కొత్త మొన తెచ్చుకోవచ్చు. తిప్పితే పైకొచ్చే కాజల్ పుల్లకు ఆ వీలు లేదు.

ఇదంతా సూక్ష్మజీవుల లెక్కే గదా, నిజంగా కన్ను పోతుందా అంటే, పోయిన సందర్భాలున్నాయి. 1970లలో అమెరికాలోని అట్లాంటాలో లూయిస్ విల్సన్ అనే కంటి వైద్యుడు, డొనాల్డ్ అహెర్న్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త కలిసి మస్కారా మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మస్కారా పుల్ల నల్లగుడ్డుకు గీరుకున్న ఆడవాళ్లకు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి కంటిలో పుండ్లు పడినట్టు 1977లో ప్రచురించారు. వాళ్లు వాడిన మస్కారాలలోనే ఆ బ్యాక్టీరియా దొరికింది. ఇది నల్లగుడ్డును ఒకటి రెండు రోజుల్లో తినేయగలదు.

ఒక భరిణె, పది పన్నెండు కళ్లు

కొన్న వస్తువుల సంగతి సరే, ఇంటి కాటుక మాటేమిటి? గుంటగలగరాకు రసంలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి, ఆముదంలో వెలిగించి, పైన పళ్లెం బోర్లించి మసి పడతారు. దాన్ని నేతితోనో, ఆముదంతోనో రంగరించి భరిణెకెత్తుతారు. మంటలోంచి వచ్చిన మసిలో క్రిములుండవు. నూనె దీపపు మసిలో సీసం ఉండే అవకాశమూ దాదాపు లేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. చిక్కంతా ఆ తర్వాత వేలిది.

పెళ్లికూతుర్ని చేసే రోజు ఒకసారి గమనించండి. నలుగు పెట్టి, తలంటి, కొత్త చీర కట్టాక అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి కాటుక, బుగ్గచుక్క పెడతారు. అదే వేలితో తోడి పెళ్లికూతురికి. "నాకూ కాస్త పెట్టు పిన్నీ" అంటూ వచ్చిన చెల్లికి. చంకలో ఉన్న పసివాడి కళ్లకు కాస్త, దిష్టికి బుగ్గన కాస్త. ఒక భరిణె, ఒక వేలు, పది పన్నెండు కళ్లు. వీళ్లలో ఒక్కరికి కురుపో, కళ్లకలకో ఉంటే చాలు. ఆ వేడుక అందం నేను కాదనను. వేలి బదులు మనిషికో దూదిపుల్ల పెట్టుకుంటే ఆ అందం ఇసుమంత కూడా తగ్గదనే నా మనవి.

ఇలా కంటి నుంచి కంటికి జబ్బు మోసిన చరిత్ర కాటుక వేలికి, సుర్మా పుల్లకు పెద్దదే ఉంది. ట్రకోమా అనే కంటి అంటువ్యాధి ఒకప్పుడు మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాదిన, లక్షల మందికి చూపు లేకుండా చేసింది. వేళ్లు, తువ్వాళ్లు, ఈగలతో పాటు ఇంటిల్లిపాదీ వాడే కాటుకనూ, సుర్మానూ అది పాకే దారులుగా వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో కేంద్రం జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1971లో దేశంలోని అంధత్వంలో 5 శాతం దీనివల్లే. ఇప్పుడు ఒక శాతం కంటే తక్కువ. 2024 అక్టోబరు 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించింది. అరవై ఏళ్ల పైగా పట్టిన పని అది. మందులే కాదు, మొహం కడుక్కునే అలవాటు, ఎవరి తువ్వాలు వారిదే అన్న పద్ధతి కూడా దాన్ని తగ్గించాయి.

ఇటీవలి అనుభవం 2023 జూలై, ఆగస్టు నెలలది. వానలతో పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలక ఊరూరా పాకింది. బడిలో ఒకరికి వస్తే మూడో రోజుకు తరగతి సగం ఖాళీ. నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని ఊరంతా తిరిగారు. కళ్లకలక అంటుకునే కాలం పది నుంచి పధ్నాలుగు రోజులు. ఆ రోజుల్లో వాడిన కాజల్ పుల్లను దాచుకుని శ్రావణ శుక్రవారం పేరంటానికి మళ్లీ తీసిన ఇళ్లు ఎన్నో లెక్కపెట్టినవారు లేరు.

పసిపిల్లల విషయంలో ఇంకో అంకె. పురిటి తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతి 2011 నుంచి ఉంది. ఆసుపత్రి కాన్పయితే 42 రోజుల్లో 6 సార్లు, ఇంటి కాన్పయితే 7 సార్లు. బిడ్డ కళ్లలో కాటుక పెట్టొద్దన్నది వాళ్లు చెప్పే ముఖ్యమైన మాటల్లో ఒకటి. అరికాలిలోనో, చెవి వెనకో దిష్టిచుక్క పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

కొన్న కాజల్, సుర్మాలలో సీసం గురించి కూడా నాలుగు మాటలు. మన చట్టం సీసం కలిపిన రంగులతో సౌందర్య సాధనాలు తయారుచేయడాన్ని నిషేధించింది. 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనలు పాదరసానికి కూడా హద్దు పెట్టాయి. లేబుల్, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేకుండా తిరునాళ్లలో పొట్లం కట్టి అమ్మే సుర్మాకు ఇవేవీ వర్తించినట్టు ఎవరూ హామీ ఇవ్వలేరు. అమెరికాలో 2013లో న్యూ మెక్సికో రాష్ట్రంలో పిల్లల రక్తంలో సీసం ఎందుకుందో వెతుకుతూ పోతే అఫ్గానిస్థాన్ నుంచి తెచ్చిన కాజల్ దొరికింది. అందులో 54 శాతం సీసం! డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవరాలికి ఇక్కడి నుంచి పొట్లాలు పంపే అమ్మమ్మలు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. పాత పద్ధతి కాటుకను అమెరికా అసలు సౌందర్య సాధనంగానే అనుమతించదు.

మానాలంటే

వైద్యం చవక. శుభ్రమైన గుడ్డ, వేడినీళ్లు. మూసుకుపోయిన గ్రంథిలో గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్పకు సుమారు 40 డిగ్రీల వేడి తగలాలి. మోచేతి మీద పెట్టి చూస్తే హాయిగా అనిపించేంత, చురుక్కుమననంత. తడి గుడ్డ రెండు మూడు నిమిషాలకే చల్లారిపోతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ ముంచి పిండుతూ పది నిమిషాలు పెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. నాలుగు సార్ల చొప్పున వారం రోజులకు లెక్కేస్తే మొత్తం 280 నిమిషాలు, అంటే ఐదు గంటల లోపు. పెళ్లికూతురి ముస్తాబు మొహం మీద ఉండే సమయం కంటే తక్కువ. కాపడం తర్వాత రెప్ప అంచున మెల్లగా నిమరాలి. నొక్కకూడదు, గిల్లకూడదు, వెంట్రుక పీకకూడదు.

మన పెద్దవాళ్లు వేలిని అరచేతిలో గట్టిగా రుద్ది ఆ వేడిని కురుపు మీద పెట్టమంటారు. వేడి పెట్టాలన్న ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనది. వేలు ఒక్కటే తప్పు. ఆ వేలి మీద ఏముందో తెలియదు, ఆ వేడి పది సెకన్లు కూడా నిలవదు. పసుపు, సున్నం, తల్లిపాలు, "చలవ చేస్తుంది" అంటూ కాటుక, ఇవేవీ కురుపు ఉన్న కంట్లోకి పోకూడదు.

ఇక మందుల షాపులో "కంటికి ఏదైనా చుక్కలివ్వండి" అని అడగడం. అలా చేతికొచ్చే సీసాల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. వేస్తే ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతుంది, అందుకే జనానికి నమ్మకం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే ప్రతి ముగ్గురిలో ఒకరికి కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. వందలో ఐదారుగురికి మరీ ఎక్కువగా పెరుగుతుంది. నీటికాసుల జబ్బుకు దారి అదే. డాక్టరు రాయని సీసా కంట్లో వేయకండి. రాసినది వేసేటప్పుడు ఒక్క చుక్క చాలు. కంటిలో ఉండే కన్నీరే 7 మైక్రోలీటర్లని పైన చెప్పుకున్నాం, రెండో చుక్క చెంప మీదికి పోతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి.

కొత్త మస్కారానో, కృత్రిమ రెప్పల జిగురో వాడిన మర్నాడు రెండు కళ్లూ ఒకేసారి వాచి, నొప్పి కంటే దురద ఎక్కువగా ఉంటే అది ఎలర్జీ కావచ్చు. అప్పుడు వేడి కాపడం పనిచేయదు, ఆ వస్తువు మానేయాలి. కనుబొమలకు తలకు వేసే రంగు పూసేవాళ్లు ఆ డబ్బా మీద రాసింది చదవండి: కనురెప్పలకు, కనుబొమలకు వాడొద్దు, చూపు పోవచ్చు అని ముద్రించాలన్నది మన నిబంధనే. 1933 ప్రాంతంలో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు వాడి ఒక మహిళ చూపు పోగొట్టుకుంది, ఇంకొకరు ప్రాణమే పోగొట్టుకున్నారు. 1938లో అక్కడ సౌందర్య సాధనాలను చట్టం కిందికి తేవడానికి ఆ ఉదంతం కూడా ఒక కారణం.

మరి పెళ్లి ఎల్లుండే ఉంటే?

ముహూర్తం ఆగదు, ఆ అమ్మాయి బాధ చిన్నదీ కాదు. జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు, వందల మంది చూసే మొహం. "మేకప్ మానేయ్" అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోవడం నాకు సబబుగా అనిపించదు. చేయగలిగింది చాలానే ఉంది. వెంటనే తణుకో, భీమవరమో వెళ్లి కంటి డాక్టరుకు చూపించండి. చీము పండి ఉంటే ఆయన తీసేయవచ్చు, రెండు రోజుల తేడా కూడా పెద్ద తేడాయే. కాపడం ఆ క్షణం నుంచే మొదలుపెట్టండి. ముస్తాబులో రెండు కళ్ల రెప్పలనూ అంచులనూ వదిలేయమనండి. ఒక కన్ను వదిలి రెండోది దిద్దితే కురుపున్నదే ఎత్తి చూపినట్టు అవుతుంది. కల్యాణం బొట్టు, బాసికం, పూలజడ, బుగ్గచుక్క, పెదవుల రంగు, ఇవన్నీ యథాతథంగా ఉండొచ్చు. చెంపలకు ఫౌండేషన్ కొత్త స్పాంజీతో వేయించుకోండి, రెప్ప దాకా రానివ్వకండి. కృత్రిమ రెప్పలు, రంగు కాంటాక్ట్ లెన్సులు మాత్రం వద్దే వద్దు. ఫొటోల సంగతి ఫొటోగ్రాఫర్‌కు ముందే చెబితే ఆల్బమ్‌లో కురుపు చెరపడం కంప్యూటర్ మీద నిమిషాల పని.

బ్యూటీషియన్లకు ఒక మాట. సీజన్లో ఒకే పెట్టెతో వారానికి ఎన్నో మొహాలు దిద్దుతారు. క్రీమును స్టీలు పలక మీదికి తీసుకుని అక్కడి నుంచి వాడండి. ఒకసారి కంటికి తగిలిన పుల్ల మళ్లీ డబ్బాలోకి పోకూడదు. విడి దూదిపుల్లలు, వాడి పారేసే మస్కారా బ్రష్‌లు ఖరీదైనవి కావు. కురుపు ఉన్న అమ్మాయి వస్తే ఆమె సొంత సామాన్లతోనే చేయండి. ఆ మాట నిర్మొహమాటంగా అడిగిన పెళ్లివారిని తప్పు పట్టకండి.

కురుపు మానాక మళ్లీ మేకప్ ఎప్పుడు? ఎరుపు, వాపు, పుసి మూడూ పూర్తిగా పోవాలి, డాక్టరు రాసిన మందు కోర్సు అయిపోవాలి. పెట్టెలోంచి ఏం తీసేయాలంటే, కురుపు రావడానికి ముందు వారంలోనూ, ఉన్నన్నాళ్లూ కంటికి తగిలిన మస్కారా, ద్రవ ఐలైనర్, తిప్పే కాజల్, స్పాంజీ. చెక్కే పెన్సిల్‌ను బాగా చెక్కి, చెక్కే పరికరాన్ని స్పిరిట్‌తో తుడిచి వాడుకోవచ్చు. బ్రష్‌లు సబ్బుతో కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. దిండు గలీబు, మొహం తువ్వాలు మార్చాలి. భరిణెలోని ఇంటి కాటుక పారేసి, భరిణెను మరగబెట్టాలి. ఇందులో పోయేది మహా అయితే కొన్ని వందల రూపాయలు. కళ్లలో మళ్లీ వచ్చే కురుపుకు డాక్టరు ఫీజు, మందులు, పని మానుకున్న రోజులు కలిపితే అంతకు రెట్టింపు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం మేకప్ ప్రశ్నే లేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వాపు రెప్ప దాటి చెంపకు పాకడం, జ్వరం, కనుగుడ్డు తిప్పితే నొప్పి, చూపు మసకబారడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం. చిన్నపిల్లల్లో ఇలాంటి వాపు గంటల్లో ముదురుతుంది. కురుపులు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటే రక్తంలో చక్కెర చూపించుకోండి.

ఇంకొక్క సంగతి. నలభై, యాభై దాటినవారు దీన్ని తప్పకుండా చదవాలి. హైదరాబాద్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు కనురెప్పల క్యాన్సర్ వచ్చిన 536 మందిని పరిశీలించి 2019లో లెక్కలు ప్రచురించారు. వాళ్లలో 53 శాతం మందికి వచ్చింది రెప్పలోని నూనె గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్. పాశ్చాత్య దేశాల్లో ఇది అరుదు. మొదట్లో అచ్చం మానని కురుపులాగే ఉంటుంది. వెంట్రుకలు రాలిపోతున్నా, గడ్డ తీయించాక అదే చోట మళ్లీ లేచినా, నెల దాటినా కరగకపోయినా కన్సీలర్‌తో కప్పి తిరగకండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, ముక్క తీసి పరీక్షకు పంపమని మీరే అడగండి.